ఎఫ్‌పీజీఏలపై ప్రత్యేక అంకగణితం

'''ఎఫ్‌పీజీఏలపై ప్రత్యేక అంకగణితం''' అనగా ఒక పనికి ఎన్ని బిట్లు అవసరమో, ఏ సంఖ్యారూపం సరిపోతుందో ముందుగా నిర్ణయించుకుని, ఆ లెక్కకు మాత్రమే పనికివచ్చే వలయాన్ని తిరిగి విన్యాసం చేయడానికి వీలున్న చిప్పుపై నిర్మించుకోవడం. ఇటువంటి చిప్పులలో ముఖ్యమైనది ఫీల్డ్ ప్రోగ్రామబుల్ గేట్ ఎర్రే. దీనినే క్లుప్తంగా ఎఫ్‌పీజీఏ అంటారు. సాధారణ కంప్యూటరులో ప్రోగ్రాము మారుతుంది కాని ప్రాసెసరులోని కూడిక, గుణకార వలయాలు మారవు. ఎఫ్‌పీజీఏలో ఆ వలయాలే మారతాయి. కృత్రిమ మేధ, గూఢలేఖన శాస్త్రం, రేడియో ఖగోళశాస్త్రం వంటి రంగాలలో తక్కువ బిట్ల లెక్కలకు ప్రాధాన్యం పెరగడంతో 2010ల నుంచి ఈ విషయం చర్చలోకి వచ్చింది.

== నేపథ్యం ==

ప్రాసెసర్లు సంఖ్యలను నియమితమైన వెడల్పులలోనే నిల్వ చేస్తాయి: 8, 16, 32, 64 బిట్లు. దశాంశ భాగం ఉన్న సంఖ్యలకు ఫ్లోటింగ్ పాయింటు (చర బిందు) పద్ధతిని వాడతాయి. ఇందులో సంఖ్యకు గుర్తు, ఘాతాంకం, సార్థక భాగం అనే మూడు భాగాలు ఉంటాయి. 1980ల మొదటి భాగం వరకు ఒక్కొక్క కంప్యూటరు తయారీదారు ఒక్కొక్క పద్ధతిని పాటించడం వలన ఒకే ప్రోగ్రాము వేర్వేరు యంత్రాలపై వేర్వేరు జవాబులను ఇచ్చేది. ఈ గందరగోళాన్ని తొలగించడానికి 1985లో ఐఈఈఈ 754 ప్రమాణం వెలువడింది. దీని రూపకల్పనలో ప్రధాన పాత్ర వహించిన విలియం కహాన్‌కు 1989లో ట్యూరింగ్ పురస్కారం లభించింది. ఈ ప్రమాణాన్ని 2008లోను, 2019లోను సవరించారు.

ప్రమాణం వలన కలిగిన మేలు పెద్దది. అయితే దానికి మూల్యం కూడా ఉంది. ఒక ఉష్ణోగ్రతా సంవేదకం నుంచి వచ్చే కొలత 12 బిట్లదైతే అది చెప్పగలిగేది 4096 మెట్లు మాత్రమే. ఆ కొలతను 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింటు సంఖ్యగా మార్చి లెక్కించినంత మాత్రాన కొత్త సమాచారం పుట్టదు. కాని మిగిలిన బిట్లను మోసే తీగలు, కూడే గేట్లు, నిల్వచేసే జ్ఞాపకశక్తి విద్యుత్తును ఖర్చుచేస్తూనే ఉంటాయి. ప్రత్యేక అంకగణితం ఈ వ్యర్థాన్ని తగ్గించే ప్రయత్నం.

== చిప్పు నిర్మాణం ==

1984లో స్థాపించబడిన జైలింక్స్ సంస్థ 1985లో ఎక్స్‌సీ2064 అనే చిప్పును విడుదల చేసింది. వాణిజ్యపరంగా వెలువడిన మొదటి ఎఫ్‌పీజీఏగా దీనిని పరిగణిస్తారు. సంస్థ వ్యవస్థాపకులలో ఒకరైన రాస్ ఫ్రీమన్ దీని ఆవిష్కర్త. అందులో 64 తార్కిక ఖండాలు ఉండేవి. నేటి పెద్ద చిప్పులలో ఇటువంటివి లక్షల సంఖ్యలో ఉంటాయి. ఎఫ్‌పీజీఏలో ముఖ్యమైన భాగాలు ఇవి:

* '''లుక్‌అప్ టేబుల్''': ఇది ఒక చిన్న సత్యపట్టిక. 6 ప్రవేశాలున్న పట్టికలో 64 గడులు ఉంటాయి. గడులను నింపే తీరును బట్టి అది 6 చరరాశుల ఏ తార్కిక ప్రమేయాన్నైనా లెక్కించగలదు.
* '''క్యారీ గొలుసు''': కూడికలో ఒక స్థానం నుంచి పై స్థానానికి వెళ్ళే క్యారీని వేగంగా మోసే ప్రత్యేక మార్గం.
* '''డీఎస్‌పీ ఖండం''': తయారీలోనే స్థిరంగా అమర్చిన గుణకార వలయం. జైలింక్స్ 7వ శ్రేణి చిప్పులలో ఇది 25 బిట్ల సంఖ్యను 18 బిట్ల సంఖ్యతో గుణిస్తుంది.
* '''బ్లాక్ ర్యామ్''': చిప్పు లోపలే చెల్లాచెదరుగా ఉండే జ్ఞాపకశక్తి ఖండాలు.
* '''అనుసంధాన జాలం''': పై భాగాలను కోరినట్లు కలపడానికి తీగలు, స్విచ్చులు.

ఏ గడిలో ఏ విలువ ఉండాలో, ఏ స్విచ్చు తెరచి ఉండాలో తెలిపే బిట్ల వరుసను బిట్‌స్ట్రీమ్ అంటారు. దీనిని మార్చితే అదే చిప్పు వేరొక యంత్రం అవుతుంది.

ఈ వెసులుబాటు ఉచితంగా రాదు. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాన్ కువాన్, జొనాథన్ రోజ్ 2006-07లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కేవలం తార్కిక ఖండాలతో కట్టిన వలయం అదే పనికి ప్రత్యేకంగా పోతపోసిన చిప్పు కంటే సుమారు 35 నుంచి 40 రెట్లు ఎక్కువ స్థలం తీసుకుంటుంది, 3 నుంచి 4 రెట్లు నెమ్మదిగా పనిచేస్తుంది. ప్రాసెసర్లు గిగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంటే ఎఫ్‌పీజీఏ వలయాలు సాధారణంగా కొన్ని వందల మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంటాయి. కనుక ప్రాసెసరు చేసే లెక్కనే ఎఫ్‌పీజీఏపై యథాతథంగా అనుకరిస్తే ఓటమి దాదాపు తప్పదు. ప్రాసెసరు చేయలేని లెక్కను చేసినప్పుడే ఎఫ్‌పీజీఏకు లాభం. ప్రత్యేక అంకగణితానికి ఆధారం ఇదే.

== సంఖ్యారూపాల ఎంపిక ==

గుణకార వలయం పరిమాణం సుమారుగా సార్థక భాగపు బిట్ల వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. పలక మీద రెండు సంఖ్యలను గుణించేటప్పుడు ఒక దానిలోని ప్రతి అంకెతో రెండవ దానిలోని ప్రతి అంకెను గుణించినట్లే ఇక్కడ కూడా జరుగుతుంది. వివిధ రూపాలకు కావలసిన పాక్షిక లబ్ధాల సంఖ్య ఈ విధంగా ఉంటుంది:

* 64 బిట్ల రూపం: సార్థక భాగం 53 బిట్లు, పాక్షిక లబ్ధాలు 2809
* 32 బిట్ల రూపం: సార్థక భాగం 24 బిట్లు, పాక్షిక లబ్ధాలు 576
* 16 బిట్ల ఐఈఈఈ రూపం: సార్థక భాగం 11 బిట్లు, పాక్షిక లబ్ధాలు 121
* గూగుల్ సంస్థ ప్రవేశపెట్టిన బీఫ్లోట్16: సార్థక భాగం 8 బిట్లు, పాక్షిక లబ్ధాలు 64

32 బిట్ల నుంచి బీఫ్లోట్16కు మారితే గుణకార వలయం దాదాపు 9వ వంతుకు తగ్గుతుందని దీనిని బట్టి తెలుస్తుంది. సంఖ్యల వ్యాప్తి మాత్రం రెండింటికీ దాదాపు సమానమే, తగ్గేది సూక్ష్మత. ఐఈఈఈ 16 బిట్ల రూపంలో ఇందుకు భిన్నంగా సూక్ష్మత కొంత ఎక్కువ, కాని 65504ను మించిన సంఖ్య ఇమడదు.

సంఖ్యల పరిమాణం ముందుగా తెలిసిన చోట ఫిక్స్‌డ్ పాయింటు (స్థిర బిందు) పద్ధతి మరింత చౌక. రూపాయలను పైసలలో లెక్కించినట్లే ఇందులో బిందువు స్థానం మారదు; వలయం పూర్ణాంకాలనే కూడుతుంది. ఇవి కాక సంఖ్యకు బదులు దాని సంవర్గమానాన్ని నిల్వచేసి గుణకారాన్ని కూడికగా మార్చే సంవర్గమాన పద్ధతి, 2017లో జాన్ గుస్తాఫ్‌సన్ ప్రతిపాదించిన పోజిట్ పద్ధతి కూడా ఉన్నాయి. పోజిట్‌లో ఘాతాంకానికి, సార్థక భాగానికి కేటాయించే బిట్లు సంఖ్యను బట్టి మారతాయి. ఒకటికి దగ్గరి సంఖ్యలకు ఎక్కువ సూక్ష్మత లభించడం దీని గుణం కాగా, ఆ భాగాలను విడదీయడానికి అదనపు వలయాలు కావలసిరావడం విమర్శకులు చూపే లోపం. సాధారణ ప్రాసెసర్లలో ఈ రూపం లేనందున పరిశోధకులు దీనిని ఎఫ్‌పీజీఏలపైనే ఎక్కువగా పరీక్షించారు.

== కొన్ని ఉదాహరణలు ==

=== మూడుతో భాగహారం ===

ప్రాసెసరులో భాగహారం ఖరీదైన పని. భాజకం ఎప్పుడూ 3 అని తెలిసినప్పుడు మాత్రం ఎఫ్‌పీజీఏలో ఇది చాలా సులభం. సంఖ్యను నాలుగేసి బిట్ల ముక్కలుగా విడదీసి, ఎడమ నుంచి కుడికి బడిలో నేర్చిన దీర్ఘ భాగహారం చేస్తే చాలు. మూడుతో భాగించగా వచ్చే శేషం 0, 1, 2లలో ఒకటి కనుక దానికి 2 బిట్లు సరిపోతాయి. శేషపు 2 బిట్లు, కొత్త ముక్కలోని 4 బిట్లు కలిపితే 6 బిట్లు. అంటే ప్రతి మెట్టూ 6 ప్రవేశాల లుక్‌అప్ టేబుల్‌లో సరిగ్గా ఇముడుతుంది. భాగఫలానికి 4, శేషానికి 2 చొప్పున మొత్తం 6 పట్టికలు కావాలి.

ఉదాహరణకు 125ను తీసుకుందాం. పదహారేసి చొప్పున విడదీస్తే 125లో 7 పదహార్లు, 13 ఒకట్లు ఉన్నాయి. 7ను 3తో భాగిస్తే భాగఫలం 2, శేషం 1. ఆ శేషాన్ని పదహారుగా కిందికి దింపితే 16 + 13 = 29. దానిని భాగిస్తే భాగఫలం 9, శేషం 2. కనుక జవాబు 2 × 16 + 9 = 41, శేషం 2. ఇదే తీరున 16 బిట్ల సంఖ్యను భాగించడానికి 24 పట్టికలు చాలు.

=== స్థిరసంఖ్యతో గుణకారం ===

ఒక సంఖ్యను 105తో గుణించాలి అనుకుందాం. ద్విసంఖ్యామానంలో 105 అనగా 64 + 32 + 8 + 1. కనుక మామూలు పద్ధతిలో మూడు కూడికలు కావాలి. అయితే 105 = 15 × 7 = (16 − 1) × (8 − 1). 16తో, 8తో గుణించడమంటే బిట్లను పక్కకు జరపడమే. చిప్పుపై అది కేవలం తీగలను కలిపే తీరు, దానికి గేట్లు అక్కరలేదు. కనుక రెండు తీసివేతలతో పని పూర్తవుతుంది. వేలాది స్థిర గుణకాలున్న సంకేత వడపోతలలో ఇటువంటి పొదుపు చిప్పు పరిమాణాన్నే మార్చివేస్తుంది.

=== గూఢలేఖనం ===

క్వాంటం కంప్యూటర్ల దాడిని తట్టుకునే ఉద్దేశంతో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2024 ఆగస్టులో కొత్త గూఢలేఖన ప్రమాణాలను ప్రకటించింది. వాటిలో ఎంఎల్-కెమ్ అనే పద్ధతి 3329 మాడ్యులోగా లెక్కిస్తుంది. దీనికి 12 బిట్లు చాలు. ఎంఎల్-డీఎస్ఏ అనే సంతకపు పద్ధతి 23 బిట్ల 8380417 మాడ్యులోగా లెక్కిస్తుంది. 12, 23 బిట్ల వెడల్పులు ఏ సాధారణ ప్రాసెసరులోనూ ఉండవు. పైగా 8380417 అనేది 2 యొక్క 23వ ఘాతం నుంచి 13వ ఘాతాన్ని తీసివేసి 1 కలిపితే వచ్చే సంఖ్య. అందువలన శేషం కనుగొనడానికి భాగహారం లేకుండా బిట్ల జరుపుడు, కూడికలు, తీసివేతలు సరిపోతాయి.

== ప్రోగ్రాము రాసే విధానం ==

ఎఫ్‌పీజీఏకు ప్రోగ్రాము రాయడమంటే ఆదేశాల వరుసను రాయడం కాదు, వలయాన్ని వర్ణించడం. ఇందుకు వాడే భాషలలో వీహెచ్‌డీఎల్ 1987లోను, వెరిలాగ్ 1995లోను ఐఈఈఈ ప్రమాణాలయ్యాయి. ఈ భాషలలో ప్రతి సంకేతపు వెడల్పును బిట్లలో చెప్పాలి. 13 బిట్ల కూడిక కావాలంటే 13 అని రాస్తే చాలు. రాసిన వర్ణనలోని భాగాలన్నీ ఏకకాలంలో పనిచేస్తాయి. సీ భాష నేర్చుకుని వచ్చిన విద్యార్థులకు మొదట తికమక కలిగించేది ఇదే.

రెండవ మార్గం ఉన్నతస్థాయి సంశ్లేషణ. ఇందులో సీ లేదా సీ++లో రాసిన ప్రోగ్రాము నుంచి ఉపకరణమే వలయాన్ని తయారుచేస్తుంది. 2011లో ఆటోఈఎస్ఎల్ సంస్థను కొనుగోలు చేసిన తరువాత జైలింక్స్ ఈ పద్ధతిని విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చింది. మొత్తం 16 బిట్లు, అందులో పూర్ణాంక భాగానికి 6 అన్నట్లుగా సంఖ్యారూపాన్ని ప్రకటించే వీలు ఇందులో ఉంది. సీ భాష తన సీ23 ప్రమాణంలో కోరిన వెడల్పు గల పూర్ణాంకాలను చేర్చుకోవడం కూడా ఈ దిశలో జరిగిన మార్పే.

మూడవ మార్గం అంకగణిత వలయాలను పుట్టించే ప్రోగ్రాములు. ఫ్రాన్సుకు చెందిన ఫ్లోరెంట్ ద దినెషాన్ ఆధ్వర్యంలో రూపొందిన ఫ్లోపోకో వీటిలో ప్రసిద్ధమైనది, ఓపెన్ సోర్సుది. కావలసిన ప్రమేయాన్ని, సూక్ష్మతను, వేగాన్ని చెబితే అది తగిన వీహెచ్‌డీఎల్ వర్ణనను రాసి ఇస్తుంది. జవాబులో అర్థం లేని బిట్టును లెక్కించకూడదు, అర్థమున్న బిట్టును వదలకూడదు అన్నది దీని మూలసూత్రం. దినెషాన్, మార్టిన్ కుమ్ కలిసి ఈ విషయంపై రాసిన గ్రంథం 2024లో వెలువడింది.

వర్ణన సిద్ధమైన తరువాత దానిని చిప్పులోని ఖండాలకు కేటాయించి, తీగలు కలిపే పని మిగులుతుంది. పెద్ద వలయాలకు ఇది గంటల కొద్దీ పడుతుంది. ఒక్క బిట్టు మార్చినా మళ్ళీ చేయవలసి రావచ్చు.

== దోష విశ్లేషణ ==

బిట్లు తగ్గించే స్వేచ్ఛతో పాటు బాధ్యత కూడా వస్తుంది. ప్రమాణబద్ధమైన ప్రాసెసరులో ఒక్కొక్క లెక్కలో దోషం ఎంత ఉండవచ్చో ప్రమాణమే చెబుతుంది. ప్రత్యేక అంకగణితంలో ఆ హామీని రూపకర్తే సమకూర్చుకోవాలి. ఈ విషయంలో ఏమరుపాటు ఎంత ప్రమాదకరమో తెలపడానికి రెండు సంఘటనలను తరచుగా ఉదహరిస్తారు. రెండూ ఎఫ్‌పీజీఏలకు సంబంధించినవి కావు. బిట్ల కొరతకు సంబంధించినవి.

మొదటిది 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో జరిగింది. అక్కడి పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ కాలాన్ని సెకనులో పదవ వంతులలో లెక్కించేది. పదవ వంతు ద్విసంఖ్యామానంలో అంతం లేని భిన్నం. దానిని 24 బిట్ల వద్ద కత్తిరించడం వలన ప్రతిసారీ సెకనులో కోటవ వంతు కంటే కొంచెం తక్కువ తేడా వచ్చేది. సుమారు 100 గంటలు ఆపకుండా నడిచేసరికి ఆ తేడా 0.34 సెకనుకు చేరింది. ఎదురుగా వస్తున్న స్కడ్ క్షిపణి ఆ వ్యవధిలో అర కిలోమీటరుకు పైగా ప్రయాణిస్తుంది. దానిని అడ్డుకోలేకపోవడంతో 28 మంది అమెరికా సైనికులు మరణించారు.

రెండవది 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్టు తొలి ప్రయోగం. 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింటు విలువను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చేటప్పుడు అది 32767ను మించిపోయింది. దిశానిర్దేశక వ్యవస్థ ఆగిపోయి రాకెట్టు నిమిషం లోపే ధ్వంసమైంది.

ఇందుకు విరుద్ధంగా, ప్రత్యేక అంకగణితం ప్రమాణం కంటే నిక్కమైన జవాబు ఇచ్చే సందర్భాలు కూడా ఉన్నాయి. 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింటులో 1,67,77,216కు 1 కలిపితే మళ్ళీ 1,67,77,216 వస్తుంది. సార్థక భాగంలో ఆ ఒకటికి చోటు ఉండదు. కోట్ల కొద్దీ చిన్న విలువలను కూడే పనిలో ఇది మొత్తాన్నే తప్పుదారి పట్టిస్తుంది. ఎఫ్‌పీజీఏలో గుణకారాన్ని తక్కువ బిట్లతో చేసి, మొత్తాన్ని మాత్రం 60 లేదా 80 బిట్ల ఫిక్స్‌డ్ పాయింటు గిన్నెలో పోగుచేయవచ్చు. కూడిక వలయం చౌక కనుక ఇది భారం కాదు. అంటే ఇక్కడ జరిగేది కేవలం బిట్లను తగ్గించడం కాదు. అక్కరలేని చోట తీసి అవసరమైన చోట పెట్టడం.

== ఇటీవలి పరిణామాలు ==

2014లో మైక్రోసాఫ్ట్ సంస్థ కాటపుల్ట్ ప్రాజెక్టు వివరాలను ప్రచురించింది. 1632 సర్వర్లలో ఎఫ్‌పీజీఏలను అమర్చి బింగ్ శోధన ఫలితాలకు ర్యాంకులు ఇచ్చే పనిని వాటికి అప్పగించగా, జవాబు ఆలస్యం పెరగకుండానే ఒక్కొక్క సర్వరు చేసే పని 95 శాతం పెరిగిందని అందులో పేర్కొన్నారు. 2017లో అదే సంస్థ బ్రెయిన్‌వేవ్ పేరుతో న్యూరల్ నెట్‌వర్కులను ఎఫ్‌పీజీఏలపై నడిపింది. అందుకోసం 8, 9 బిట్ల ఫ్లోటింగ్ పాయింటు రూపాలను సొంతంగా తయారుచేసుకుంది. 9 బిట్ల సంఖ్యను ఏ ప్రాసెసరూ కోరదు, ఎఫ్‌పీజీఏకు మాత్రం అది అభ్యంతరం కాదు.

తరువాతి కథ మరొక మలుపు తిరిగింది. 2022లో ఎన్విడియా, ఆర్మ్, ఇంటెల్ సంస్థలు కలిసి 8 బిట్ల ఫ్లోటింగ్ పాయింటు రూపాలను ప్రతిపాదించాయి. 2023లో ఓపెన్ కంప్యూట్ ప్రాజెక్టు ద్వారా మైక్రోస్కేలింగ్ రూపాల నిర్దేశం వెలువడింది. ఇందులో 32 సంఖ్యల గుంపుకు కలిపి 8 బిట్ల ఉమ్మడి ఘాతాంకం ఉంటుంది. 4 బిట్ల రూపంలో ఒక్కొక్క సంఖ్యకు సగటున 4.25 బిట్లే ఖర్చవుతాయి. ఈ చిన్న రూపాలను కృత్రిమ మేధ కోసం తయారయ్యే గ్రాఫిక్స్ ప్రాసెసర్లలో నేరుగా పోతపోస్తున్నారు. ఎఫ్‌పీజీఏపై పరీక్షకు నిలిచిన ఆలోచన ప్రమాణంగా మారగానే, దానిని మరింత వేగంగా, చౌకగా చేసే స్థిరమైన చిప్పు వచ్చి ఆ లాభాన్ని తీసుకుపోతుంది.

వ్యాపార రంగంలో కూడా ఈ ఒడిదుడుకులు కనబడతాయి. 2015లో ఇంటెల్ సంస్థ ఎఫ్‌పీజీఏ తయారీలో రెండవ స్థానంలో ఉన్న ఆల్టెరాను 1670 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. జైలింక్స్‌ను సొంతం చేసుకునే ప్రక్రియను ఏఎండీ 2022 ఫిబ్రవరిలో పూర్తిచేసింది. 2025 ఏప్రిల్‌లో ఇంటెల్ ఆల్టెరాలో 51 శాతం వాటాను సిల్వర్ లేక్ సంస్థకు అమ్మడానికి ఒప్పందం ప్రకటించింది. ఆ ఒప్పందంలో ఆల్టెరా మొత్తం విలువను 875 కోట్ల డాలర్లుగా కట్టారు. పదేళ్ళ క్రితం చెల్లించిన ధరలో ఇది సుమారు సగం. సర్వర్లన్నింటిలో ప్రాసెసరు పక్కనే ఎఫ్‌పీజీఏ ఉంటుందన్న 2015 నాటి అంచనా ఆ స్థాయిలో నెరవేరలేదని దీనినిబట్టి అర్థమవుతుంది.

అంతమాత్రాన ఎఫ్‌పీజీఏల అవసరం తీరిపోలేదు. ప్రమాణాలు ఇంకా స్థిరపడని చోట, కొన్ని వందల పరికరాలే తయారయ్యే చోట, మైక్రోసెకన్లలో జవాబు కావలసిన చోట వీటికి ప్రత్యామ్నాయం అరుదు. కొత్త చిప్పును పోతపోయడానికి అయ్యే ఖర్చును చిన్న ప్రయోగశాలలు భరించలేవు.

== వాదోపవాదాలు ==

ఈ రంగంలో మూడు ప్రశ్నలపై చర్చ సాగుతున్నది.

* '''డీఎస్‌పీ ఖండాలు ఎంత స్థిరంగా ఉండాలి?''' 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింటును ఆల్టెరా ఆరియా 10లో, జైలింక్స్ వెర్సల్‌లో నేరుగా పోతపోశారు. దీని వలన వేగం పెరుగుతుంది. కాని చిప్పు ఎంతగా స్థిరపడితే ప్రత్యేక అంకగణితానికి అంతగా చోటు తగ్గుతుంది.
* '''ఉపకరణాలు ఎవరి చేతిలో ఉండాలి?''' చాలా చిప్పుల బిట్‌స్ట్రీమ్ నిర్మాణాన్ని తయారీదారులు వెల్లడించరు. 2015లో ఐస్‌స్టార్మ్ ప్రాజెక్టు లాటిస్ సంస్థ ఐస్40 చిప్పుల బిట్‌స్ట్రీమ్‌ను విడమరచి చెప్పడంతో, యోసిస్ వంటి ఓపెన్ సోర్సు ఉపకరణాలతో మొదటి నుంచి చివరి వరకు పని చేసుకునే మార్గం ఏర్పడింది. పెద్ద చిప్పులకు ఈ సౌకర్యం ఇప్పటికీ పరిమితమే.
* '''జవాబును ఎవరు సరిచూడాలి?''' ఒక్కొక్కరు ఒక్కొక్క సంఖ్యారూపాన్ని వాడితే 1985కు ముందరి గందరగోళం తిరిగి వస్తుందని కొందరి వాదన. లోపలి లెక్క ఏ రూపంలో జరిగినా ప్రవేశ, నిష్క్రమణల వద్ద దోషపు హద్దును స్పష్టంగా ప్రకటిస్తే చాలునని మరికొందరి వాదన.

== భారతదేశంలో ==

మహారాష్ట్రలోని ఖోడద్ వద్ద ఉన్న జీఎంఆర్‌టీ రేడియో దూరదర్శినిలో 45 మీటర్ల వ్యాసం గల 30 పళ్ళేలు ఉన్నాయి. దీని నవీకరించిన వ్యవస్థలో సంకేతాలను అంకెలుగా మార్చి సర్దే పనిని ఎఫ్‌పీజీఏ బోర్డులు, వాటిని పోల్చి చూసే పనిని గ్రాఫిక్స్ ప్రాసెసర్లు చేస్తాయి. ఆకాశం నుంచి వచ్చే సంకేతంలో అధికభాగం రొద కనుక ఇటువంటి చోట్ల తక్కువ బిట్లతోనే ప్రయోజనం నెరవేరుతుంది.

హైదరాబాదులో జైలింక్స్ సంస్థకు పెద్ద పరిశోధన, అభివృద్ధి కేంద్రం ఉండేది. 2022 నుంచి అది ఏఎండీలో భాగమైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంజనీరింగు కళాశాలల్లో ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు వెరిలాగ్ లేదా వీహెచ్‌డీఎల్‌ను ప్రయోగశాలలో నేర్చుకుంటారు. ఎఫ్‌పీజీఏ బోర్డు లేకపోయినా ఓపెన్ సోర్సు సిమ్యులేటర్లతో పైన చెప్పిన మూడుతో భాగహారం వంటి వలయాలను రాసి, అన్ని ప్రవేశాలకూ సరైన జవాబు వస్తున్నదో లేదో పరీక్షించవచ్చు. 16 బిట్ల సంఖ్యలు మొత్తం 65,536 మాత్రమే కనుక ఒక్కటి కూడా వదలకుండా సరిచూడటం సాధ్యమే.

== ఇవి కూడా చూడండి ==

* ద్విసంఖ్యామానం
* ప్రాసెసర్
* తార్కిక ద్వారాలు
* సంవర్గమానం
* గూఢలేఖన శాస్త్రం